రెండో గేర్ నిలవని బండి: నా అనుభవం

విశాఖపట్నంలో మోటార్‌సైకిల్ మీద అడివివరం వైపు నుంచి సింహాచలం కొండ ఎక్కుతున్నాను. రెండో గేర్‌లో మలుపు తిరిగి ఎక్స్‌లేటర్ ఇచ్చేసరికి కాలి కింద ‘టక్’మని దెబ్బ వినిపించింది. ఇంజిన్ ఒక్కసారిగా గోల పెట్టింది, చక్రానికి మాత్రం బలం అందలేదు. గేర్ దానంతట అదే ఊడి వచ్చేసింది. వెనక దేవస్థానం బస్సు హారన్ కొడుతోంది. ఎలాగో బండిని పక్కకి లాగి ఆపేసరికి చేతులు వణుకుతున్నాయి. ఎక్కుడులో, మలుపులో, వెనక బస్సు ఉన్నప్పుడు గేర్ ఎగిరిపోతే ఎలా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది.

బండి కొని అప్పటికి పన్నెండు రోజులు. 200 సీసీ, ఐదు గేర్లు, ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18 అంగుళాలది. మట్టి దారికీ ఘాట్ రోడ్డుకీ పనికొచ్చే బండి కావాలని ఏడాదిగా వెతుకుతుంటే గాజువాకలో ఒక అబ్బాయి దగ్గర దొరికింది. 31 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆర్‌సీ సరిగ్గా ఉంది, పేరు మార్పుకి కావాల్సిన 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నాను. నేను వెళ్ళేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంది. చదునైన రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తోలి చూసి డబ్బులిచ్చేశాను. చదును మీద ఆ బండి ఏ జబ్బూ చూపించలేదు.

తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగితే న్యూట్రల్ పడేది కాదు. మొదటి గేర్ నుంచి కాస్త ఎత్తితే రెండులోకి పోయేది, రెండు నుంచి తొక్కితే ఒకటిలోకి పోయేది. క్లచ్ పూర్తిగా నొక్కి పట్టుకున్నా బండి మెల్లగా ముందుకి పాకేది. ఎక్కుడులో నాలుగో గేర్‌లో గట్టిగా ఎక్స్‌లేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరిగేది గానీ వేగం పెరిగేది కాదు. వీటన్నిటి పైన రెండో గేర్ జంప్ అవ్వడం.

ఇంటికి దగ్గర్లో ఉన్న షాపుకి తీసుకెళ్ళాను. ఆయన బండెక్కి సందు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, “గేర్ సెట్ మొత్తం పోయిందండీ. ఇంజిన్ దించాలి, ఫుల్ ఓపెన్. 22 వేలు అవుద్ది” అన్నాడు. క్లచ్ సంగతి అడిగితే, “గేర్లు మారిస్తే అదే సర్దుకుంటది” అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు. క్లచ్ పట్టుకుని ఉండగా బండి పాకడానికీ, గేర్ పళ్ళకీ ఏం సంబంధం? రేపు చెప్తానని వచ్చేశాను.

ఆ రాత్రి మా పెద్దబావకి ఫోన్ చేశాను. ఆయన స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్స్‌లో పనిచేస్తారు. నేను చెప్పిందంతా విని, “ఏ పార్టు మార్చాలని అప్పుడే అడక్కురా. ఎప్పుడు చెడుతోందో చూడు. చల్లగా ఉన్నప్పుడా, కాగాకా? లాగేటప్పుడా, వదిలేటప్పుడా? ఏ గేర్‌లో? వారం రోజులు రాసి పెట్టు” అన్నారు.

రాశాను. చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకుని, బండి ఆపిన ప్రతిసారీ రెండు ముక్కలు రాశాను. మొత్తం అనుభవంలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఈ వారమే. పైకి కలగాపులగంగా కనిపించిన జబ్బు కాగితం మీద పెట్టేసరికి విడివిడిగా కనిపించింది. గేర్ జంప్ రెండులో తప్ప ఇంకే గేర్‌లోనూ ఒక్కసారి కూడా కాలేదు. అదీ ఎక్స్‌లేటర్ ఇచ్చి లాగుతున్నప్పుడే. కైలాసగిరి నుంచి రెండో గేర్‌లో ఇంజిన్ బ్రేక్ మీద దిగితే గేర్ చక్కగా నిలబడింది. న్యూట్రల్ పడకపోవడం పొద్దున్న చల్లటి ఇంజిన్‌తో తక్కువ, ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో తిరిగొచ్చేటప్పుడు ఎక్కువ. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోవడం నాలుగు, ఐదు గేర్లలో, బరువు మీద మాత్రమే.

ఆ పుస్తకం పట్టుకుని కంచరపాలెంలో ఒక పాత మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. రేకుల షెడ్డు, ఒక బల్ల, దాని మీద వరసగా సర్దిన పానాలు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నేను రాసిందంతా చదివారు. చదివి, “ఏటి బాబూ, ఇంతమంది వస్తారు, ఎవరూ ఇలా రాసి తేలేదు. సగం పని నువ్వే సేసీసినావు” అన్నారు.

తర్వాత ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతవరకు నా మాటల్లో చెప్తాను. గేర్ జంప్ అన్ని గేర్లలోనూ అవుతుంటే తప్పు ఎక్కువగా గేర్ మార్చే యంత్రాంగంలో ఉంటుంది. గేర్ మార్చినప్పుడు లోపల తిరిగే గేర్ డ్రమ్ చివర నక్షత్రంలా గాడులున్న బిళ్ళ ఒకటి ఉంటుంది. స్ప్రింగు మీద నిలిచే చిన్న రోలర్ చెయ్యి ఒకటి ఆ గాడిలో కూర్చుని డ్రమ్‌ని కదలనివ్వదు. ఆ స్ప్రింగు మెత్తబడినా, బిళ్ళ బోల్టు వదులైనా ఏ గేరూ గట్టిగా నిలవదు. ఇదంతా కుడివైపు క్లచ్ కవర్ తీస్తే కనిపిస్తుంది, ఇంజిన్ దించనక్కర్లేదు. అలా కాకుండా ఒక్క గేరే ఎగురుతుంటే, లోపల ఆ గేర్ పళ్ళో, దాన్ని జరిపే ఫోర్కో అరిగి ఉంటుంది. అప్పుడు ఇంజిన్ దించక తప్పదు.

ఇక్కడ పళ్ళు అంటే చక్రం చుట్టూ ఉండేవి కావు. మన బళ్ళలో అన్ని గేర్ల జతలూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. గేర్ మార్చినప్పుడు జరిగేదల్లా ఒక గేరు షాఫ్టు మీద పక్కకి జరిగి, తన పక్క ముఖం మీదున్న లావాటి పళ్ళని పక్కనున్న ఇంకో గేరు పళ్ళ మధ్యలోకి దూర్చడం. వాటిని డాగ్ పళ్ళు అంటారు. వాటి అంచు నిట్టనిలువుగా ఉండదు, కొంచెం లోపలికి కోసి ఉంటుంది. అందువల్ల బలం పడేకొద్దీ రెండు గేర్లూ ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కుంటాయి. ఆ అంచు గుండ్రంగా అరిగిపోతే బలం పడేకొద్దీ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. చదునులో బాగున్న గేరు కొండ మీద ఎగిరిపోవడానికి కారణం అదే. లాగేటప్పుడు జంప్ అయితే పళ్ళకి లాగే వైపు అరిగిందని, ఎక్స్‌లేటర్ వదిలేసి దిగేటప్పుడు జంప్ అయితే రెండో వైపు అరిగిందని అర్థం. నా పుస్తకంలో ‘లాగేటప్పుడు మాత్రమే’ అని చదవగానే ఆయన తల ఊపింది అందుకే.

అయినా ఆయన వెంటనే ఇంజిన్ దించలేదు. “బేగి తెరిసీడం కాదు. ముందు బయటున్నవన్నీ సూద్దాం. బయట తప్పు ఉండి లోపల తెరిస్తే ఆ డబ్బు సముద్రంలో ఏసినట్టే” అన్నారు.

ముందుగా గేర్ రాడ్డు చూశారు. మట్టి దారిలో తిరిగిన బండి ఎడమవైపు పడకుండా ఉండదు. మా బండిది లోపలికి వంగి ఉంది, తొక్కినప్పుడు ఇంజిన్ కవర్‌కి రాసుకుంటోంది. ఆ గీత కవర్ మీద మెరుస్తూ కనిపించింది. రాడ్డు పూర్తిగా కదలకపోతే గేరు సగమే పడుతుంది, సగం పడిన గేరు ఎగురుతుంది. రాడ్డుని షాఫ్టు నుంచి ఊడదీసి వైస్‌లో పెట్టి సరిచేశారు. బండికి ఉండగానే వంచితే లోపలి షాఫ్టు వంగుతుందట. నేను ఇంట్లో ఆ పని చేయబోయి ఆగాను, మంచిదైంది.

తర్వాత చైను. మరీ బిగువుగా ఉంది. ఇలాంటి బళ్ళకి వెనక సస్పెన్షన్ ఎక్కువగా దిగుతుంది కాబట్టి మనిషి కూర్చుంటే చైను ఇంకా బిగుసుకుని గేర్‌బాక్సు బయటి బేరింగుని లాగేస్తుంది. ఒకరు కూర్చుని ఉండగా చూసి వదులు చేశాం. చైను ఎక్కే పళ్ళ చక్రాల్లో ముందుది, అంటే ముందు స్ప్రాకెట్, దాని పళ్ళు ఒకవైపుకి కొక్కేల్లా వంగాయి. అలా అయిన స్ప్రాకెట్ మీద చైను తన్నే దెబ్బని గేర్ దెబ్బ అనుకుని మోసపోయేవాళ్ళు చాలామందట. చైను, స్ప్రాకెట్లు సెట్‌గా మార్చాం.

క్లచ్ కేబుల్ దగ్గర అసలు కథ మొదలైంది. హ్యాండిల్ దగ్గర లీవర్ కొసన సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. అంటే అంతవరకు లీవర్ బరువు లేకుండా కదలాలి. మా బండికి ఆట సున్నా. ఎవరో సర్దుబాటు నట్టు చివరిదాకా తిప్పేశారు. ఆట లేకపోతే మనం వదిలేసినా కేబుల్ క్లచ్‌ని కొంచెం లాగే ఉంచుతుంది. ఇంజిన్ బలాన్ని అందించే క్లచ్ ప్లేట్లు గట్టిగా అతుక్కోవు, బరువు మీద జారతాయి, జారి కాలతాయి. మేస్త్రి గారు నన్ను చూసి, “ఇది ఎందుకు బిగించారో తెలుసా? న్యూట్రల్ పడట్లేదని” అన్నారు. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. విడవడం కోసం కేబుల్ బిగించారు. బిగించేసరికి జారడం మొదలైంది. ఒక జబ్బుకి వేసిన మందు రెండో జబ్బు తెచ్చింది. కేబుల్ లోపలి తీగ కూడా తుప్పు పట్టి ఉంది. మాది పెదవాల్తేరు, సముద్రపు గాలి ఇనుముని వదలదు. ఇక్కడివాళ్ళు క్లచ్ బరువెక్కిందంటే ముందు కేబుల్ కొసలు చూసుకోవాలి. కొత్త కేబుల్ వేసి ఆట సరిగ్గా పెడితే జారడం తగ్గింది. అనుకున్నట్టే బండి పాకడం ఇంకా పెరిగింది.

తర్వాత ఆయిల్. డ్రెయిన్ నట్టు విప్పి వెడల్పాటి పళ్ళెంలోకి పట్టారు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి దారానికి కట్టి ఆ ఆయిల్‌లో నెమ్మదిగా తిప్పారు. దానికి బూడిద రంగు ముద్ద అంటుకుంది. మెత్తగా, వేళ్ళ మధ్య గరుకు తగలకుండా ఉంటే అది మామూలు అరుగుదలేనట, భయపడక్కర్లేదు. ఆ ముద్దలో నువ్వుగింజంత ముక్క ఒకటి గుచ్చుకుంది, మూడు కోణాలతో, ఒకవైపు మెరుస్తూ. డాగ్ పన్ను అంచు విరిగితే అలాగే ఉంటుందట. ఆయిల్ పల్చటి గుడ్డలో వడకడితే నల్లటి నలుసులు మిగిలాయి, అవి క్లచ్ ప్లేట్లవి. ఆయిల్‌కి మాడు వాసన కూడా ఉంది. అమ్మిన అబ్బాయికి ఫోన్ చేసి ఏ ఆయిల్ పోశావని అడిగితే, ఇంట్లో కారుకి తెచ్చింది మిగిలితే పోశానని నిజాయితీగానే చెప్పాడు. మన బళ్ళలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కొన్ని కారు ఆయిళ్ళలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. ఇంజిన్‌కి అవి మంచివే, క్లచ్ ప్లేటుకి మాత్రం శత్రువులు. డబ్బా వెనక జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసి కొనాలి. ఎంబీ అని ఉంటే అది ఆయిల్‌లో మునిగే క్లచ్ లేని స్కూటర్లకి.

ఆ శనివారం క్లచ్ కవర్ తీశాం. ఆఫీసుకి సెలవు, నేను పక్కనే కూర్చున్నాను. ముందు నక్షత్రం బిళ్ళ, రోలర్ చెయ్యి చూశాం. స్ప్రింగు గట్టిగా ఉంది, బోల్టు బిగువుగా ఉంది, రోలర్ సాఫీగా తిరుగుతోంది. అక్కడ ఏ లోపమూ లేదు. అంటే రెండో గేర్ తప్పు లోపలే.

తర్వాత క్లచ్. రాపిడి ప్లేట్లు, ఉక్కు ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి బయటికి వచ్చాయి. కొత్త రాపిడి ప్లేటు వెర్నియర్‌తో కొలిస్తే 3 మిల్లీమీటర్లు, మావి 2.6. ఉక్కు ప్లేట్లలో రెండు నీలం రంగుకి తిరిగాయి, కాలాయన్నమాట. వాటిని అద్దం మీద పరిచి కింద ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి రేకులు, దూరిస్తే 0.4 మిల్లీమీటర్ల రేకు సులభంగా దూరింది. ప్లేటు అలా వంగితే లీవర్ ఎంత లాగినా ఎక్కడో ఒకచోట రాసుకుంటూనే ఉంటుంది. ఇక క్లచ్ ఔటర్. డబ్బాలా ఉండి చుట్టూ వేళ్ళలాంటి పట్టీలుంటాయి, ప్లేట్ల చెవులు ఆ వేళ్ళ మధ్య జారుతూ కదలాలి. “గోరు పెట్టి సూడు” అన్నారు మేస్త్రి గారు. పెట్టాను. ప్రతి వేలి మీద ప్లేటు కొట్టిన చోటల్లా గాడి పడి ఉంది, దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు తగిలింది. ఆ గాడుల్లో ప్లేట్ల చెవులు ఇరుక్కుని విడిపోవడం లేదు. గాడులు చిన్నవైతే ఆకురాయితో సాపు చేస్తారు. మావి లోతుగా ఉన్నాయి, అంత లోతు అరగదీస్తే సందు పెరిగి ప్లేట్లు కొట్టుకుంటాయి. ఔటర్ కొత్తది తెప్పించాం.

అప్పుడు ఆయన చెప్పిన మాట విన్నాక నేను ఈ అనుభవం రాయాలనుకున్నాను. “బాబూ, నీ రెండో గేర్‌ని తినీసింది ఈ డబ్బాయే” అన్నారు. క్లచ్ పూర్తిగా విడవకపోతే గేర్ మార్చిన ప్రతిసారీ ఇంజిన్ బలం ఇంకా షాఫ్టు మీద ఉండగానే డాగ్ పళ్ళు దూరాల్సి వస్తుంది. శుభ్రంగా దూరకుండా అంచుల మీద కొట్టుకుంటాయి. మొదటి గేర్ నుంచి రెండుకి వెళ్ళడంలో మధ్యలో న్యూట్రల్ దాటాలి కాబట్టి ప్రయాణం ఎక్కువ, దెబ్బ గట్టిది. మట్టి దారిలో ఒకటి, రెండు మధ్యే వందలసార్లు మారుస్తాం. ముందు రెండో గేరే అరగడానికి ఇవే కారణాలు. మొదటి షాపు చెప్పినట్టు గేర్ సెట్ మార్చి, క్లచ్‌ని అలాగే వదిలేసి ఉంటే? కొత్త పళ్ళని కూడా ఆ గాడులు పడ్డ డబ్బా అలాగే కొట్టేది. 22 వేలు పోసి, కొన్నాళ్ళకి మళ్ళీ అదే కొండ మీద నిలబడేవాణ్ణి. ఆ ఆలోచనకి నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. డబ్బు ఎక్కువ అడిగినందుకు కాదు, చెయ్యి పెట్టి చూడకుండా తీర్పు చెప్పినందుకు.

ఇంజిన్ దించడం తప్పలేదు. గేర్లుండే ఇంజిన్ పెట్టెని, అంటే క్రాంక్ కేసుని, రెండుగా విడదీయాలంటే హెడ్డు, సిలిండర్ కూడా తీయాలి. సహాయానికి వచ్చే కుర్రాడు గేర్లని షాఫ్టు మీద ఉన్న వరసలోనే ఇనుప తీగకి గుచ్చాడు, మధ్య మధ్య పల్చటి వాషర్లతో సహా, మల్లెపూల దండ గుచ్చినట్టు. ఒక్క వాషర్ తారుమారైనా గేర్ల మధ్య సందు మారిపోతుందట. నేను ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీశాను.

రెండో గేరు డాగ్ పళ్ళు చూస్తే అరిగిన సబ్బుబిళ్ళ గుర్తొచ్చింది. లాగే వైపు మూలలన్నీ గుండ్రంగా, ఒక పన్ను అంచు విరిగి. అయస్కాంతానికి దొరికిన ముక్క అక్కడ పెట్టి చూస్తే అచ్చంగా సరిపోయింది. దాన్ని జరిపే ఫోర్కు ఒక కొన నీలంగా కాలి, పల్చబడింది. గేరు బయటికి తోసుకొస్తుంటే దాన్ని ఆపుతూ ఫోర్కు రాసుకుపోయింది. గేర్ డ్రమ్ గాడి మాత్రం బాగుంది. బేరింగులు చేత్తో తిప్పి చూశారు, గరగర లేదు, అలాగే ఉంచాం. మిగతా గేర్లు కొత్తవాటిలా ఉన్నాయి. మొత్తం సెట్ అక్కర్లేదని నా కళ్ళతో చూశాను. రెండో గేరు, అది పట్టుకునే పక్క గేరు, ఫోర్కు, ఈ మూడే మార్చాం. రెండు గేర్లలో ఒక్కటే మారిస్తే అరిగిన పళ్ళు కొత్తవాటిని కూడా తమలాగే చేస్తాయి కాబట్టి జతగా మార్చాల్సిందే. ఆయిల్ సీళ్ళు, గాస్కెట్లు కొత్తవి వేశాం. విడిభాగాలు కొన్ని డాబాగార్డెన్స్‌లో దొరికాయి, ఔటర్ కోసం తొమ్మిది రోజులు ఆగాల్సి వచ్చింది.

కేసు మూసే ముందు మేస్త్రి గారు షాఫ్టుని ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో డ్రమ్ తిప్పి ఐదు గేర్లూ, న్యూట్రల్ నన్నే వేయించారు. మూసేశాక తప్పు తెలిస్తే మళ్ళీ మొదటికి రావాలి. కొత్త రాపిడి ప్లేట్లని అంతకు ముందురోజు రాత్రే ఆయిల్‌లో నానబెట్టారు. పొడి ప్లేట్లు బిగించి స్టార్ట్ చేస్తే మొదటి నిమిషంలోనే కాలతాయట. క్లచ్ స్ప్రింగులు కూడా మార్చాం, పాతవి కొత్తవాటి పక్కన నిలబెడితే కురచగా కనిపించాయి. ఆయిల్ 10డబ్ల్యూ30 చిక్కదనంది, ఎంఏ2 గుర్తున్నది. చైను, స్ప్రాకెట్లతో సహా మొత్తం ఖర్చు 14,600 రూపాయలు.

స్టార్ట్ చేసి మొదటి గేర్ వేస్తే ఇదివరకటి దెబ్బ లేదు. చిన్న ‘క్లిక్’ మాత్రమే. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగి కాలి కొసతో తాకితే మీటర్ దగ్గర న్యూట్రల్ ఆకుపచ్చ దీపం వెలిగింది. అది వెలిగితే అంత సంతోషం వేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. సింహాచలం కొండ మీద అదే మలుపు దగ్గర రెండో గేర్‌లో పూర్తిగా ఎక్స్‌లేటర్ ఇచ్చాను. గేరు నిలబడింది. తర్వాతి ఆదివారం ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్ళొచ్చాను. ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇలాంటి బండి ఉంది కదా అని కొందరు భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోకి తోలుకెళ్తారు. ఆ మట్టి గట్లు టైరు తగిలితే రాలిపోతాయి, మళ్ళీ తిరిగి రావు. తోలడానికి వేరే దారులు చాలా ఉన్నాయి, దయచేసి అక్కడికి వెళ్ళకండి.

500 కిలోమీటర్లకి ఆయిల్ తీసి అయస్కాంతం తిప్పాను. మెత్తటి బూడిద ముద్దే వచ్చింది, ముక్కల్లేవు.

పోయిన నెల మా ఆఫీసులో పనిచేసే ఒకాయన తమ్ముడు ఇలాంటి బండే కొంటానంటే తోడు వెళ్ళాను. ముందే ఫోన్ చేసి, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మే ఆయనకి చెప్పాం. వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాను. క్లచ్ లీవర్ ఆట చూశాను. ఇంజిన్ ఆఫ్‌లోనే వెనక చక్రం ఎత్తి, చేత్తో తిప్పుతూ ఐదు గేర్లూ వేసి దించాను. చల్లటి ఆయిల్‌కి ప్లేట్లు అతుక్కుని మొదటి గేర్ కొంచెం దెబ్బతో పడడం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పావుగంట తోలి, కాగాక చదును మీద ఆపి మొదటి గేర్‌లో క్లచ్ నొక్కి ఉంచాను. పాకలేదు. న్యూట్రల్ మొదటిసారికే పడింది. ముందు బ్రేక్ గట్టిగా పట్టి మూడో గేర్‌లో క్లచ్ మెల్లగా వదిలాను. ఇంజిన్ ఆగిపోయింది, అంటే క్లచ్ పట్టుకుంటోంది. అదే ఇంజిన్ ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేట్లు జారుతున్నట్టే.

అప్పటిదాకా అన్నీ బాగున్నాయి. చివరగా ఎక్కుడుకి తీసుకెళ్దామంటే అమ్మే ఆయన టైమ్ లేదన్నాడు. పక్కనే హనుమంతవాక నుంచి కైలాసగిరి వైపు పది నిమిషాలంతే అని నచ్చజెప్పి తీసుకెళ్ళాం. ఒక్కో గేర్‌లో ఎక్స్‌లేటర్ పూర్తిగా ఇచ్చి, వదిలి, మళ్ళీ ఇచ్చి చూశాను. రెండో గేర్ నిలబడింది. మూడో గేర్ రెండుసార్లు నిలబడి, మూడోసారి ‘టక్’మంది.

బండి కొందామని వచ్చిన ఆ అబ్బాయి నా వెనకే కూర్చున్నాడు. “అన్నయ్యా, ఇదేనా మీరు చెప్పింది?” అన్నాడు. అదేనని చెప్పి బండి వెనక్కి తిప్పాను.